కొండమేకల బండ మీద నేను

హెచ్‌వన్ వీసా లాటరీ ఫలితం కోసం ఎదురుచూసిన ఆ రోజుల్లో నన్ను చూసినవాళ్లకి, కాలుగాలిన పిల్లే నాకన్నా నిదానం అనిపించి ఉంటుంది. సన్నీవేల్‌లో నాతో అద్దె పంచుకున్న వరంగల్ మిత్రుణ్ణి అందరం మామ అనేవాళ్లం. నేను ఫోన్ చూడటం, వంటింట్లోకి వెళ్లడం, మళ్లీ ఫోన్ చూడటం గమనించి గమనించి వాడికి విసుగొచ్చింది. "నువ్వు గిట్ల తిరుగుతుంటే నాకు కండ్లు తిరుగుతున్నయ్ రా. నడువ్, ఎడారికి పోదాం" అని కార్లో కూర్చోబెట్టాడు. అక్కడ నల్లటి బండల మీద ఆదివాసులు ఎప్పుడో చెక్కిన బొమ్మలున్నాయట. (నా దిగులల్లా అక్కడ సిగ్నల్ ఉండదనే.)

లోయ మొదట్లో ఆ ఆదివాసుల తెగకే చెందిన ఒక పెద్దావిడ మమ్మల్ని కలుసుకుని, ఈ బొమ్మలు మా పూర్వీకులవి, చేతి చెమట తగిలినా చెడిపోతాయి, ముట్టుకోవద్దంది. బుద్ధిగా తలూపాను. ఆవిడ మామకి ఒక్కో బొమ్మా చూపిస్తుంటే, నేను ఫోన్ పైకెత్తి బండ మీంచి బండకి ఎక్కుతూ పోయాను. బాగా ఎత్తున సిగ్నల్ ఒక గీత వచ్చింది. మెయిలూ వచ్చింది. (పిజ్జా కూపన్.) దిగబోతే, కాలు పెట్టి ఎక్కిన రాయి కాస్తా దొర్లిపోయింది. ఇక పట్టు దొరికే చోటల్లా బొమ్మలే. ఇటు కొండమేక, అటు సుడి, నెత్తి దగ్గర విల్లు పట్టిన మనిషి.

"మామా, దిగలేకపోతున్నా."

"ఆ మేకను పట్టుకో రా."

తెలుగు రాకపోయినా నా చెయ్యి ఎటు వెళ్తోందో ఆవిడకి అర్థమైంది. "మేకని ముట్టుకోకు" అంది, గొంతు పెంచకుండానే. "నువ్వూ పడకూడదు, అదీ పాడవకూడదు. కదలకుండా కూర్చో, నిచ్చెన తెప్పిస్తాను."

నిచ్చెన ఊళ్లోంచి రావాలి. చేతులు ఒళ్లో పెట్టుకుని ఎండలో కూర్చున్నాను. ముందు వీసా లాయర్ గుర్తొచ్చాడు, తర్వాత ఇంటికి తిరుగు టికెట్. కాలు దానంతటదే ఊగసాగింది. "కాలు" అంది ఆవిడ. ఆపేశాను. ఇంకేం చెయ్యాలో తోచక బండకేసి చూశాను. మేక వెనకాల పిల్లమేక ఉంది, దాని కాళ్లలో ఒకటి మరీ పొడుగు. చెక్కినాయనకీ ఆ పూట మనసు ఇంకెక్కడో ఉన్నట్టుంది. నవ్వొచ్చేసింది.

"ఏమిటి?" అందావిడ.

"దీనికి ఒక కాలు పొడుగుంది."

"మా అమ్మమ్మ కూడా దాన్ని చూసే నవ్వేది" అని తనూ నవ్వింది.

నిచ్చెన వచ్చింది, దిగాను. లాటరీ మాత్రం ఆ ఏడు రాలేదు, మరుసటేడు వచ్చింది. మామ ఇప్పుడు ప్లేనోలో ఉంటాడు. ఆనాడు కింద నుంచి తీసిన ఫొటోని నా ప్రతి పుట్టినరోజుకీ పంపుతాడు. అందులో ఒక బక్కపలచటి కుర్రాడు బండవైపు తిరిగి నవ్వుతుంటాడు. గ్రీన్‌కార్డ్ వరసలో జుట్టు నెరిసిన నేను వాణ్ణి చూసి, ఇంకాసేపు అక్కడే కూర్చోరా అబ్బాయ్, దిగొచ్చి చేసేదేముంది అనుకుంటాను.