చీము పట్టని గాయం

దూదత్త దగ్గర కట్టు కట్టించుకోవాలంటే ముందు కబుర్లు చెప్పడానికి సిద్ధపడి వెళ్లాలి. మోకాలు చెక్కుకుపోయిందని వెళితే, ఎక్కడ పడ్డావు, పక్కన ఎవరున్నారు, ఆ వేళప్పుడు ఆ వీధిలో నీకు పనేమిటి అని ఒక్కొక్కటే లాగేది. జవాబు వెతుక్కునే లోపల పాత కట్టు ఊడొచ్చేసేది. అంటుకుపోయిన గుడ్డని పచ్చిగాయం మీంచి లాగుతుంటే ప్రాణం లేచిపోతుంది కదా, ఆ బాధ తెలియకుండా చెయ్యడానికి ఆవిడ దగ్గరున్న మందు అదొక్కటే. అలా వీధిలో సగం ఇళ్ల గాయాలూ, వాటితోపాటు గుట్లూ విప్పిన మనిషి.

వయసులో ఉన్నప్పుడు ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో కట్ల గది ఊడవడానికి చేరింది. అక్కడ కట్లు కట్టే ముసలి డ్రెస్సర్‌కి చేతులు వణకడం మొదలయ్యాక, పట్టకారు ఈవిడ చేతికిచ్చి తను పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఆయన నేర్పిన విద్యంతా ఒక్క చూపులో ఉంది. కట్టు విప్పగానే గాయాన్ని కాదు, తీసిన దూదిని చూడాలి. పసుపురంగుకి తిరిగిందా? ఆకుపచ్చగా ఉందా? వాసనేస్తోందా? చీముంటే లోపల ఇంకా కుళ్లుంది, కడుగు. దూది వేసింది వేసినట్టు తెల్లగా వస్తే గాయం మాట వింటున్నట్టు, ఇక దాన్ని కెలక్కు.

నర్సింగ్‌హోమ్ మూతబడ్డాక ఆవిడ ఆ విద్యని ఇంటికి తెచ్చుకుంది. ముందుగదిలో కిటికీ పక్కన ఒక బల్ల, కత్తెరా పట్టకారూ మరిగించే గిన్నె, వంకీ తిరిగిన కిడ్నీ ట్రే, స్పిరిట్ సీసా, గాజుగుడ్డ, దూది చుట్టలు. దూది అత్త కాస్తా పిల్లల నోట్లో దూదత్త అయింది. చీమంటే ఆవిడకి పగ. ఎవరికైనా సెగ్గడ్డ లేచి పండితే, పాత బాకీ వసూలు చేసుకోవడానికి బయల్దేరినట్టు చీర కుచ్చిళ్లు దోపుకునేది.

ఆవిడ తమ్ముడిని వీధిలో జిగురు బాబాయ్ అనేవారు. వీధి చివర చెప్పుల కార్ఖానాలో అడుగులు అతికించడం అతని పని. గది ఇరుకు. కిటికీ ఉండేది కానీ, పూసిన జిగురు మీద దుమ్ము పడుతుందని ఎప్పుడూ మూసే ఉంచేవారు. డబ్బా మూత తీస్తే తియ్యగా ముక్కుకెక్కే ఘాటు. కొత్తవాళ్లకి కళ్లు తిరిగేవి. ఇతనికి చిన్ననాటి నుంచీ అదే గాలి. "బయటికొస్తేనే తలనొప్పి నాకు, లోపల హాయిగా ఉంటుంది" అని నవ్వేవాడు.

కొంతకాలంగా అతని రంగు పాలిపోయింది. పళ్లు తోముకుంటే నెత్తురు. బల్ల అంచు తగిలినా తొడమీద నల్లటి మచ్చ. "పళ్లు తోముతున్నావా, గిన్నెలు తోముతున్నావా?" అంది దూదత్త. అంతటితో ఆ సంగతి వదిలేశారు.

ఒకరోజు తోలు అంచు కోస్తుంటే కత్తి జారి ఎడమ అరచేతిలో, బొటనవేలి మొదట్లో దిగింది. చెయ్యి పాతగుడ్డలో చుట్టుకుని సరాసరి అక్క దగ్గరికే వచ్చాడు.

"చూసుకుని కొయ్యలేవూ? కళ్లెక్కడ పెట్టుకున్నావు?"

"చేతిలోనే పెట్టుకున్నానే. అవీ తెగాయి."

"ఈ వయసులోనూ వెటకారమే. మీ ఆవిడకి చెప్పావా?"

"చెబితే ఇటు రానిస్తుందా? పెద్దాసుపత్రికి ఈడ్చుకుపోతుంది. నీ హస్తవాసి చాలు నాకు."

ఆ మాటతో దూదత్త మొహం చాటంత అయింది. ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. తమ్ముడి పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడకీ మరదలికీ మధ్య ఒక తాడు బిగుసుకునే ఉంది. ఆ చివర మరదలు, ఈ చివర ఈవిడ, నడుమ అతను. పోట్లాటలేం లేవు. తాడు మాత్రం ఏనాడూ వదులు కాలేదు. అతను తనంతట తను వచ్చి చెయ్యి చాపాడంటే ఆ పూటకి ఈవిడ గెలిచినట్టే.

నెత్తురు కట్టడానికి చాలాసేపు పట్టింది. శుభ్రంగా కడిగి, మందు పెట్టి కట్టింది. మళ్లీ విప్పినప్పుడు దూది తెల్లగా వచ్చింది. ఎరుపు లేదు, వాపు లేదు. ఆ తర్వాతిసారి తమ్ముడింటికెళ్లి విప్పినా అంతే. మరదలిని పిలిచి మరీ చూపించింది.

"చూడు, మల్లెపువ్వులా ఎలా వచ్చిందో. మీ పెద్దాసుపత్రిలో వస్తుందా ఇలా?"

మరదలు దూదిని చూడలేదు, మొగుడి మొహం చూసింది. "రాత్రినుంచీ ఒళ్లు కాలిపోతోంది వదినా. నోట్లో పుళ్లు కూడా. ఈ గాయం వల్లేనేమో, డాక్టరుకి చూపిద్దాం."

"గాయం వల్ల జ్వరమైతే గాయం చెప్పదా? చీము లేని గాయానికి జ్వరమెక్కడిది? వేడిచేసి ఉంటుంది. కాస్త చల్లగా ఏదైనా పట్టు."

"మీరు చెప్పిందే వేదం."

"నీకు మొగుడు కాకముందు నుంచీ నాకు తమ్ముడు."

మరదలు అతని వైపు తిరిగింది. "మీరేం మాట్లాడరేం? చీమూ నెత్తురూ లేవా మీకు?"

"నెత్తురుంది," అన్నాడతను మంచం మీంచి, గొంతు పూడుకుపోయి. "చీమే లేదు. అక్క చెప్పిందిగా."

ముగ్గురూ నవ్వారు. మరదలు కూడా నవ్వింది. ఆ నవ్వుతో ఇంకో రోజు గడిచిపోయింది. జ్వరం మాత్ర వేస్తే ఒళ్లు చల్లబడేది, మళ్లీ కాలేది. దూదత్త వచ్చి కట్టు విప్పేది, తెల్లటి దూది చూసుకుని గుండెల మీద చెయ్యి వేసుకుని వెళ్లేది. గాయం అంచులు నీలంగా తిరిగి, తర్వాత నల్లబడ్డాయి. ఎండుతోంది అనుకుంది.

అతను లేచి నిలబడలేక గోడ పట్టుకుని జారిపోయిన పొద్దున మరదలు ఎవరినీ అడగలేదు. బండి పిలిపించి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. దూదత్త వెనకాల వెళ్లింది.

రక్తం తీసుకున్నారు. మధ్యాహ్నానికి లోపలి గదిలోకి పిలిచారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, ముందే అలిసిపోయిన మొహం.

"కట్టు కట్టిందెవరు?"

"నేనేనమ్మా. నర్సింగ్‌హోమ్‌లో పనిచేశాను."

"కట్టు బాగానే కట్టారు. జ్వరం వస్తుంటే ఎందుకు తీసుకురాలేదు?"

"చీము పట్టలేదమ్మా."

డాక్టరమ్మ చేతిలోని రిపోర్టు కాగితం పక్కన పెట్టింది. తర్వాత అడిగింది: "చీమంటే ఏమిటనుకుంటున్నారు?"

"కుళ్లు."

"అందులో ఎక్కువభాగం మన మనుషులేనమ్మా," అంది డాక్టరమ్మ. ఆవిడకి ఓపిక ఉంది. ఎక్కడైనా ఇల్లంటుకుంటే వీధంతా బిందెలు పట్టుకుని పరిగెత్తుతుంది చూడండి, ఒంట్లో క్రిమి దూరినచోటికి తెల్ల రక్తకణాలు అలా పరిగెత్తుతాయి అని చెప్పింది. ఆ తొక్కిడికే గాయం ఎర్రబడుతుంది, వాస్తుంది, సలుపుతుంది. అవి క్రిముల్ని మింగుతాయి, మింగి అక్కడే చచ్చిపోతాయి. చచ్చి పోగుపడ్డదే చీము. "మీ తమ్ముడి ఒంట్లో అవి దాదాపు లేవు. అందుకే వాపు లేదు, చీము లేదు. ఇల్లు తగలబడుతోంది, వీధిలో మనిషి లేడు."

దూదత్త నోరు ఊరుకోలేదు. ఎన్నడూ ఊరుకున్న నోరు కాదది.

"అవి ఎక్కడికి పోయాయమ్మా?"

"పోలేదు. పుట్టడం లేదు. అవి ఎముకల్లోపల మూలుగలో పుట్టాలి. ఆయన మూలుగ ఎండిపోయింది. ఎర్రకణాలూ తగ్గిపోయాయి, నెత్తురు గడ్డకట్టించేవీ లేవు. ఆ జిగురు ఘాటు అన్నేళ్లు పీల్చడం వల్లే అయుంటుంది. ఖాయంగా చెప్పలేను."

"నెత్తురెక్కించినట్టు అవి కూడా ఎక్కించండి."

"ఎర్రకణాలైతే నిలవ పెట్టుకోగలం. ఇవి నిలవుండవు. ఒకటి రెండు పూటలు బతికి పోతాయి. లోపల ఎప్పటికప్పుడు పుడుతూనే ఉండాలి. పుట్టించడానికి సూదిమందు ఇస్తున్నాం."

"నా మూలుగ తీసి పెట్టండి. తోడబుట్టినదాన్ని."

"పెట్టే పద్ధతి ఉంది. దానికి ముందు చాలా గట్టి మందులివ్వాలి. ఈ జ్వరంలో ఆయన తట్టుకోలేరు. ముందు జ్వరం తగ్గాలి."

"జ్వరం తగ్గాలంటే?"

"తెల్లకణాలు రావాలి."

దూదత్త తలుపు వైపు ఒకసారి, డాక్టరమ్మ వైపు ఒకసారి చూసి లేచి వచ్చేసింది.

అతన్ని విడిగా ఒక గదిలో పెట్టారు. తలుపుకి అద్దం. లోపలికి ఒక్క మనిషినే పంపుతారు, అది కూడా మొహానికి గుడ్డ కట్టుకుని, మోచేతుల దాకా కడుక్కుని. నర్సు దూదత్త వేళ్లు చూసింది. స్పిరిట్‌కీ సబ్బుకీ పగిలి, ఆ పగుళ్లలో ఏళ్లనాటి నలుపు దిగిన వేళ్లు. "మీరు వద్దమ్మా, ఆవిడ వెళ్లనివ్వండి" అంది మెల్లిగా. మరదలు లోపలికి వెళ్లింది. దూదత్త అద్దానికి మొహం ఆనించి నిలబడింది.

అప్పటినుంచి ఆవిడకి ఒకటే పని. నర్సు కట్టు మార్చి ట్రేతో బయటికి రాగానే ఎదురెళ్లడం.

"ఏమైనా కనిపించిందా?"

"ఏమిటి?"

"పసుపుగా. కొంచెమైనా."

కొత్తగా వచ్చిన నర్సు, ముసలావిడ భయపడుతోందనుకుని, "అబ్బే, ఏం లేదు, శుభ్రంగా ఉంది" అంది నవ్వుతూ. దూదత్త ఆ నవ్వుని ఏం చేసుకోవాలో తెలియక, ట్రే మీదికి వంగి తన కళ్లతో చూసుకుంది. జీవితమంతా ఏది కనిపిస్తే మొహం ముడుచుకుందో దానికోసం ఆ తెల్లటి ఉండల్ని పైకీ కిందికీ చూసింది. ఒక చోట కాస్త రంగు తేడాగా ఉన్నట్టనిపించింది. "ఇదేమిటమ్మా ఇక్కడ?" అంది ఆశగా. "మందు మరకండీ."

సూదిమందు తెల్లకణాల లెక్కలో ఏమీ మార్పు తేలేదు. జ్వరానికి మందు మార్చారు, మళ్లీ మార్చారు. నలుపు అరచేతి నుంచి మణికట్టు దాటింది. చెయ్యి తీసేస్తే అని దూదత్త అడిగింది. కత్తి పెట్టినచోట ఆరదు, నెత్తురు ఆగదు అన్నారు.

వరండాలో బెంచీ మీద అత్తా కోడళ్లలా దూరం దూరంగా కూర్చునేవారు వదినా మరదళ్లు. మరదలు ఒక్కమాట అనలేదు. అదే ఈవిడకి మింగుడుపడలేదు.

"తిట్టవే," అంది ఒకరోజు. "నీ ఊరుకోవడం చూడలేకపోతున్నాను."

"ఇప్పుడు ఓపిక లేదు వదినా. అంతా అయ్యాక చూద్దాం."

అయ్యాక అన్న మాట నోట్లోంచి వచ్చేశాక, ఏం అయ్యాకో ఇద్దరికీ తెలిసింది. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈవిడ గచ్చు వైపు చూసింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం డాక్టరమ్మే వచ్చి దూదత్తని పిలిచింది. "లోపలికి వెళ్తారా? కావాలంటే కట్టు మీరే మార్చండి. నర్సు పక్కన ఉంటుంది."

మామూలు మనిషైతే సంతోషించేది. దూదత్త నర్సింగ్‌హోమ్‌లో నేల ఊడ్చిన మనిషి. వద్దన్నవాటిని డాక్టర్లు ఉన్నట్టుండి సరేననడం ఎప్పుడు మొదలవుతుందో ఆవిడకి తెలుసు. వెళ్లి చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. నర్సు ఆవిడ చేతులకి రబ్బరు తొడుగులు వేసింది.

అతను సగం అయ్యాడు. పెదాలు పగిలి నెత్తురు కట్టుకుపోయాయి. కట్టు ముడి మీద చెయ్యి వెయ్యగానే, కళ్లు మూసుకునే ఉన్నాడు కానీ, "అక్కే," అన్నాడు.

"ఎలా తెలిసిందిరా?"

"నువ్వైతే ముడి కొయ్యవు. విప్పుతావు."

గుడ్డ అంటుకుంది. నొప్పికి వేళ్లు ముడిచాడు. మాటల్లో పెట్టాలి. ఏమడగాలి? ఇంతమందిని ఇన్ని అడిగిన మనిషికి తమ్ముణ్ని అడగడానికి ఒక్కటీ తట్టలేదు. చివరికి, "చిన్నప్పుడు మనింట్లో పిల్లి ఉండేది చూడు, దాని రంగేమిటిరా?" అంది.

"రెండు రంగులు," అన్నాడు. "తోక మాత్రం..." అని ఆలోచించసాగాడు. గుడ్డ ఊడొచ్చింది.

దూది తెల్లగా ఉంది. వెనక్కి తిప్పింది. అటువైపూ తెల్లగానే ఉంది.

"ఎలా ఉందే?"

మూలుగ సంగతి అతనికెవరూ చెప్పలేదు. అతనికి తెలిసిన వైద్యమంతా అక్క చెప్పిందే.

"తెల్లగా ఉందిరా."

"చీము లేదుగా?"

"లేదు."

"అయితే మంచిదేగా," అన్నాడు, తల దిండు మీద వదిలేస్తూ. "దానికి చెప్పు. ఊరికే కంగారుపడుతోంది. ఇంటికెళ్లిపోదాం."

"వెళ్దాం."

నల్లబడ్డ చోటు చుట్టూ తుడిచింది, కొత్త దూది పెట్టింది, నొక్కుకుపోకుండా కట్టింది. పిల్లి తోక రంగు చెప్పకుండానే అతను నిద్రలోకి జారాడు. ముడి వేశాక కూడా కాసేపు ఆ చేతిని అలాగే పట్టుకుని నిలబడింది. నర్సు తొందరపెట్టలేదు.

బయటికి వచ్చేసరికి మరదలు బెంచీ మీంచి లేచింది.

"ఏమన్నా వచ్చిందా వదినా?"

"ఏమీ రాలేదే."

మరదలు అద్దం దగ్గరికి వెళ్లి లోపలికి చూసింది. అతని మొహం తేటగా ఉంది, నుదుటి మీది ముడతలు విడిపోయాయి. "పడుకున్నారు," అంది. "ఇన్నాళ్లకి హాయిగా పడుకున్నారు. ఏం చెప్పారు మీరు?"

దూదత్త తొడుగులు తీసి చెత్తడబ్బాలో వేసి, పంపు కింద చేతులు పెట్టి నీళ్లు పోతుంటే అలా నిలబడింది.