ఊరి ఆడవాళ్ళకు ఈత నేర్పిన మామ

గత గురువారం ఉదయం మా మేనమామ వెంకటరామప్ప గారు పరమపదించారని ఫోను వచ్చేసరికి ఇప్పుడు నేనుంటున్న చింతామణి పట్నంలో బడికి బయలుదేరుతున్నాను. ఎనభై రెండేళ్ళ నిండు జీవితమే; అయినా మనస్సు ఆ వార్తను అంగీకరించలేదు. ముందురోజు సాయంత్రమే, రాగిముద్ద గట్టిపడిందని అత్తయ్యతో హాస్యకలహమాడిన మనిషి ఆయన!

మా ఊరు బట్లహళ్ళిలో రైతు కుటుంబంలో జన్మించి, నౌకాదళంలో చేరేదాకా సముద్రమే చూడలేదాయన. ఓడల ఇంజన్ గదుల్లో పదిహేనేళ్ళు, అటుపై బెంగళూరు కార్ఖానాలో ఇంజనీరు ఉద్యోగం. విశ్రాంతజీవితానికి సొంతూరు చేరేనాటికి ఇక్కడ బోరుబావులు సైతం ఎండిపోయాయి. "సముద్రం విడిచి యాడికొచ్చినావప్పా?" అని ఊరివాళ్ళు నవ్వితే, "ఉప్పునీళ్ళు చూసి చూసి విసుగొచ్చె" అనేవారు.

కొన్నేళ్ళ కిందట కుండపోత వానలకు ఊరి చెరువు నిండింది. అందరూ సంబరపడుతుంటే ఆయన ముఖం గంభీరమైంది. ఒక తరమంతా నీళ్ళు లేకుండా పెరిగింది. ఈత వచ్చినవాళ్ళు నలుగురైనా లేరు.

"గుడ్డలుతకను దిగేది మీరు. జారితే యెవరు తీస్తారమ్మా? ముందు ఆడోళ్ళే నేర్చుకోవల్ల" అన్నారు.

ఖాళీ నూనె డబ్బాలను తాళ్ళతో కట్టి, ఇసుకమూటలు వేలాడదీసి, బరువు మోస్తాయని పరీక్షించాకే మా నడుములకు కట్టారు. తొలి శిష్యురాలిని నేనే. నలభై ఐదేళ్ళ పంతులమ్మను, చుడీదారులో గట్టున నిలబడ్డాను. "ఈ వయసులో ఈతేందమ్మా!" అని కొందరు మగవాళ్ళు నవ్వారు. మామ వాళ్ళవైపు తిరిగి, "రాండప్పా, మీకూ నేర్పిస్తా" అన్నారు. ఒక్కరూ దిగలేదు.

"నీళ్ళతో కొట్లాడొద్దు సరోజా. ఊరికే పండుకో, అదే మోస్తాది." ఆ మాట నాకు మంత్రోపదేశమైంది. నెల తిరిగేసరికి పదకొండు మందిమి ఈదుతున్నాం.

మరుసటేడు పొరుగింటి రత్నమ్మ బట్టలుతుకుతూ లోతులోకి జారింది. పక్కనే ఉన్న నేను దూకాను. ఆమె నా మెడను చుట్టేసింది; ఇద్దరం మునిగాం. ఎట్లాగో విడిపించుకొని, వెనుకనుంచి పట్టి ఒడ్డుకు చేర్చాను. ఊరంతా పొగుడుతుంటే, పరుగున వచ్చిన మామ అడిగిన మొదటి ప్రశ్న:

"ఎదురుగా పొయ్యి పట్టుకొంటివా?"

"ఔను మామా" అన్నాను.

"తప్పు. రేపు పొద్దున మళ్ళా పాఠం ఉండాది."

అని, అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

మా ఊళ్ళో ఆడవాళ్ళు శ్మశానానికి పోయే వాడుక లేదు. మామ అంతిమయాత్రలో మాత్రం మేమంతా కడదాకా నడిచాం. పెద్దలెవరూ అడ్డు చెప్పలేదు. ఆ పుణ్యమూర్తికి మా అందరి సాష్టాంగ ప్రణామాలు. అంతగా నవ్విస్తూ, అంత కఠినంగా నేర్పే గురువు మాకు మళ్ళీ దొరకడు.