అంచు కత్తిరించని తోలు

న్యూజెర్సీ ఐసెలిన్‌లో మన సరుకుల కొట్టుకి వెళ్ళి, కొబ్బరి తురుము కోసం డీప్ ఫ్రీజర్ మూత ఎత్తాను. చల్లటి ఆవిరి ముఖానికి కొట్టింది. అడుగున ఉన్న పొట్లం మంచు పట్టి రాయిలా బిగుసుకుపోయి ఉంది. దాన్ని చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వెనక ఎవరో “కొంచెం జరుగుతారా అండీ” అనేదాకా నా మనసు రాజ్యలక్ష్మి ఆంటీ గరాజ్‌లోనే ఉంది.

ఆంటీది గుంటూరు. డెబ్బైల్లో ఈ దేశం వచ్చి, పెన్సిల్వేనియాలో ఓ చిన్న ఊళ్ళో సర్జన్‌గా పనిచేసి రిటైరయ్యారు. 2005 ప్రాంతంలో మావారి ఉద్యోగం కోసం మేము ఆ ఊరు చేరేసరికి ఆవిడ తన గరాజ్‌లో టాక్సిడెర్మీ చేస్తుండేవారు. అంటే, వేటాడిన జింక తలని బతికున్నట్టే కనబడేలా తయారుచేసి గోడకి తగిలించడం. పాత పేషెంట్ ఒకాయన నేర్పాడట. గుడ్డు కూడా ముట్టని మనిషికి తోళ్ళతో పనేమిటని మన తెలుగువాళ్ళు పాట్‌లక్ విందుల్లో చెవులు కొరుక్కునేవారు. నా వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేదు, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేది. అందుకే ముక్కు మూసుకుని ఆ గరాజ్‌కి వెళ్ళాను. కొద్దిరోజులకే ముక్కు మీది చెయ్యి తీసి, తోలు కుళ్ళకుండా పట్టించే ఉప్పులో పెట్టాను. “చెవుల మడతల్లోకి కూడా బాగా పట్టించవే. ఎక్కువవుతుందని భయపడకు, ఇది ఆవకాయ కాదు” అనేవారు ఆంటీ.

ఒక నవంబరు ఉదయం, అదే వీధిలో ఉండే ప్లంబర్ కార్ల్ ఓ పెద్ద సంచీ తెచ్చాడు. ఆయన కొడుకు డేనియల్ సైన్యంలో చేరి ఇరాక్ వెళ్ళేముందు ఒక జింకని కొట్టాడు. తనే తోలు కోసి, మెడ చర్మంతో సహా తలని ఫ్రీజర్‌లో పెట్టి, తిరిగొచ్చాక డాక్టర్ దగ్గర కూర్చుని చేయిస్తానన్నాడు. తిరిగి రాలేదు. అన్నాళ్ళూ ఆ సంచీ ముట్టుకోలేకపోయిన తండ్రి ఇప్పుడు మోసుకొచ్చాడు.

“ఇది పాడవకూడదు డాక్టర్. వాడు మా ఇంట్లో తన చేత్తో చేసిన ఆఖరి పని ఇదే” అన్నాడు.

మంచు కరిగాక ఆంటీ కంటి చుట్టూ వేలితో మెల్లగా రుద్దారు. వెంట్రుకలు కుచ్చుగా ఊడి వచ్చాయి. అన్నాళ్ళూ ఫ్రీజర్‌లో ఉండి చెవులు ఎండిన అప్పడాల్లా అయ్యాయి. కొమ్ములూ మెడ చర్మమూ బాగానే ఉన్నాయి, ముఖం మాత్రం పోయింది.

“ఈ కొమ్ములకి ఇంకో జింక తోలు వేస్తే సరి. ఈ పనిలో అది కామనే” అన్నారు.

“అయితే ఆయనకి చెప్పకండి ఆంటీ. ఆయనకేం తెలుస్తుంది?”

ఆంటీ గ్లవ్స్ తీసేశారు. “ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నవాళ్ళకీ లోపల జరిగింది తెలీదే. అందుకే మనం చెప్పాలి.”

కార్ల్‌ని పిలిచి, కూర్చోబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పారు. ఓదార్చలేదు. చెప్పేసి పక్క స్టూల్ మీద కూర్చున్నారు. నాకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది, కాఫీ పెడతానని లేచాను. ఆంటీ కళ్ళతోనే కూర్చోమన్నారు.

చివరికి ఆయన మెడ చర్మం అంచు మీద చెయ్యి వేశాడు. కోత తిన్నగా లేదు. కత్తి ఎక్కడికక్కడ జారి వంకరలు పోయింది.

“ఇది వాడు కోసిందేనా?”

“అవును” అన్నారు ఆంటీ.

“నిదానంగా కొయ్యరా అని ఎన్నిసార్లు చెప్పానో. ఎప్పుడూ తొందరే వాడికి” అని నవ్వాడు. నవ్వుతూనే వెక్కివెక్కి ఏడ్చాడు. కాస్త తేరుకున్నాక, “గోడ మీదికి వేరే తోలే వెయ్యండి. ఈ ముక్క మాత్రం నాకు కావాలి” అన్నాడు.

ఆంటీ ఆ మెడ చర్మాన్ని మెత్తగా పదును చేసి ఇచ్చారు. దారం కొస వంకరగా ఉన్నా సహించని మనిషి, ఆ అంచుకి కత్తెర తగలనివ్వలేదు.

ఆంటీ ఇప్పుడు లేరు. ఆవిడ పోయారని విన్నరోజు నా సొంత మనిషి పోయినట్టే ఏడ్చాను. నేను తర్వాత నర్సింగ్ చదివి పిస్కాటవే దగ్గర హాస్పిటల్లో చేరాను. చెడ్డ కబురు చెప్పాక మా అందరి చూపూ తలుపు వైపే పోతుంది. నాదీ పోతుంది, కానీ కూర్చుంటాను. మొన్న, భార్య పోయిందని చెప్పాక, ఒక పెద్దాయన గోడకేసి చూస్తూ ఆవిడ కళ్ళద్దాలు ఎక్కడున్నాయని అడిగాడు. వెతికి తెచ్చాను. వాటి మీద ఆవిడ వేలిముద్రలున్నాయి. తుడవకుండా ఆయన చేతికిచ్చాను.