ముప్పై ఏడో నంబరు కార్డు మీద కోర్టు ముద్ర

రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లు ఉన్నాయనగా, ఒక జూన్ నెలలో, నగరానికి తూర్పున ఉన్న ఒక మెజిస్ట్రేటు కోర్టులో నన్ను బెంచి క్లర్కుగా వేశారు. కోర్టు పేరు ఇక్కడ అనవసరం. వనస్థలిపురంలో మా ఇంటి నుంచి ఒకే బస్సు. అంతకు ముందు పదేళ్లు రికార్డు గదిలో దుమ్ము మింగినదాన్ని కాబట్టి ఫ్యాను కింద కుర్చీ దొరికినందుకే దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

బెంచి క్లర్కు అంటే కేసులు పిలిచే మనిషి అని చాలామంది అనుకుంటారు. పిలిచేది అటెండరు. బెంచి క్లర్కు జడ్జిగారి బల్లకు కిందుగా కూర్చుని, ఆ రోజు కేసుల కట్టలు వరుసలో అందించాలి, వాయిదాలు డైరీలో ఎక్కించాలి, సాక్ష్యంలోకి వచ్చే ప్రతిదానికీ నంబరు వేయాలి. ఆ నంబరు వేయడంలో రెండు దారులున్నాయి. వచ్చింది కాగితమైతే దస్తావేజు అంటాం. దాని మీదే రబ్బరు ముద్ర కొట్టి, ముద్రలోని ఖాళీల్లో కేసు నంబరు, తేదీ రాసి, జడ్జిగారి సంతకం తీసుకుంటాం. ప్రాసిక్యూషన్ తరఫువైతే పి-1, పి-2 అని వరుస నడుస్తుంది. వచ్చింది కత్తో, సైకిలో, చెప్పుల జతో అయితే వస్తువు అంటాం. దానికి ఎం.ఓ. నంబరు రాసిన చీటీ కడతాం, అంతే. కాగితం మీద ముద్ర, వస్తువుకు చీటీ. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకునేది ఏమీ లేదని నాకు గట్టి నమ్మకం.

ముద్ర కొట్టడంలో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. మా ముద్ర అగ్గిపెట్టె అంత ఉంటుంది. చాలామంది క్లర్కులు దాన్ని అక్షరాల మీదే గుద్ది పారేస్తారు. నేను ఖాళీ చోటు చూసి, అంచుకు సమంగా, సిరా చెదరకుండా కొట్టేదాన్ని. పాత జడ్జి ఒకాయన నా ముద్రలు చూసి, రూతమ్మా, నీది ముద్ర కాదమ్మా, ముగ్గు అన్నారు. ఆ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు.

అక్కడికి వచ్చిన మొదటి ఏడే నర్సింహ కేసు వచ్చింది. నర్సింహది నల్లగొండ దగ్గర పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో ఫ్రేములకు అద్దాలు బిగించే పని. నలభై దాటిన మనిషి, చైతన్యపురి మెట్రో మెట్ల దగ్గర సంచి కింద పెట్టి ఫోను మాట్లాడుతుంటే ఎవడో సంచి ఎత్తుకుపోయాడు. రెండు వారాలకు దొంగ దొరికాడు. సంచిలో గొడుగు లేదు, టిఫిన్ డబ్బా లేదు, ఒక ఆల్బం మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. అందులో అరవై నాలుగు క్రికెట్ బొమ్మల కార్డులు. ఆయన చిన్నప్పుడు బబుల్‌గమ్ పొట్లంలో ఒక్కో కార్డు వచ్చేదట. ఒకటి నుంచి అరవై నాలుగు దాకా నంబర్లు. అవన్నీ కూడబెట్టడానికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. అన్నిటికన్నా ఆలస్యంగా దొరికింది ముప్పై ఏడో నంబరు. అందుకే ఫిర్యాదులో కూడా 'ముఖ్యముగా 37వ నంబరు కార్డు' అని ప్రత్యేకంగా రాయించాడు. దొంగకు కూడా అక్కర్లేని సొత్తు అని పోలీసులు నవ్వుకున్నారట. నేనూ నవ్వాను, అబద్ధం చెప్పను.

పట్టుకున్న సొత్తు కేసు తేలేదాకా కోర్టు అధీనంలో ఉంటుంది. సొంతదారు పిటిషన్ పెట్టుకుంటే జడ్జిగారు బాండు రాయించుకుని తాత్కాలికంగా ఇస్తారు. నర్సింహకు అలాగే ఇచ్చారు. షరతుల కాగితం తయారు చేసింది నేనే: సొత్తును ఎవరికీ ఇవ్వరాదు, ఎట్టి మార్పూ చేయరాదు, పిలిచినప్పుడు ఉన్నది ఉన్నట్టు తెచ్చి చూపాలి. సంతకం పెడుతూ, "బయటకి తీసి సూసుకోవచ్చా మేడం?" అని అడిగాడు. "సూస్కో. గీత పడ్డదా, జిమ్మేదారి నీదే," అన్నాను. ఆయన బుద్ధిగా తలూపాడు.

ఎనిమిది నెలలకు విచారణ మొదలైంది. నర్సింహ మొదటి సాక్షి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆల్బంను తువ్వాలలో చుట్టి పట్టుకొచ్చాడు. ప్రభుత్వం తరఫు వకీలును మేము పీపీగారు అంటాం. ఆయన ఆల్బం తెరిపించి, ఫిర్యాదులో రాసిన ముప్పై ఏడో నంబరు కార్డు ఇదేనా అని అడిగారు. ఇదే సార్ అన్నాడు నర్సింహ. ఫిర్యాదు పి-1, పంచనామా పి-2 అప్పటికే అయ్యాయి, దీన్ని పి-3గా మార్కు చేయండి అన్నారు పీపీగారు. జడ్జిగారు సరేనన్నారు. కార్డు నా చేతికొచ్చింది.

దాని మీద అచ్చుంది, అంకెలున్నాయి. కాగితమే కదా. ప్లాస్టిక్ తొడుగులో నుంచి బయటకు లాగాను. వెనక వైపంతా ఆటగాడి పరుగుల లెక్కలు, ముద్రకు చోటు లేదు. తిప్పి చూస్తే బ్యాటు ఎత్తిన మనిషి తల పైన ఆకాశం ఖాళీగా కనిపించింది. ఎప్పటిలాగే అంచుకు సమంగా, సిరా చెదరకుండా కొట్టాను. ఊదా రంగు ముద్ర చక్కగా పడింది.

"అయ్యయ్యో మేడం! ఎంత పని చేసిన్రు!"

బోనులో నుంచి ఆ కేక వినగానే కోర్టు హాలంతా ఒక్కసారి ఇటు తిరిగింది. అటెండరు గద్దించాడు. నర్సింహ వినే స్థితిలో లేడు. రెండు చేతులతో బోను కర్ర పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. "గీత పడ్డా ఊకోనని బాండు రాపిచ్చుకున్నది మీరే గద. నేనేమో తుడువనికి సుత భయపడి దాసిపెట్టిన. ఇప్పుడు మీరే గుద్దితిరి!" అన్నాడు.

నాకు ముందు కోపం వచ్చింది. నిండు కోర్టులో ఒక సాక్షి నన్ను నిలదీయడమా? ఆ కోపంలోనే, ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదని తట్టింది. మార్పు చేయరాదని రాసిన చెయ్యీ, ముద్ర కొట్టిన చెయ్యీ ఒకటే. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మా జడ్జిగారి కుటుంబం గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. ఎంత చిరాకులోనూ గొంతు పెరగదు. "ఏవండీ, అంత కంగారు పడతారేంటి? సంతకం పెట్టేది నేను. కాస్త అర్థమయ్యేలా చెప్పండి," అన్నారు. నర్సింహ చెప్పాడు. కార్డు మూల నలిగినా, అంచు తెల్లబడినా సేకరించేవాళ్లు పక్కన పెట్టేస్తారట. ముద్ర పడ్డ కార్డు ఇక వాళ్ల లెక్కలో లేనట్టేనట. మిగతా అరవై మూడింటినీ ఇలాగే చేస్తారా అని అడిగాడు. ఆ భయం ఉత్తదేమీ కాదు. పీపీగారు మిగిలిన కార్డులన్నిటినీ పి-4 నుంచి వరుసగా మార్కు చేయించాలని అప్పటికే లేచి నిలబడ్డారు, ముద్ర ఇంకా నా చేతిలోనే ఉంది. జడ్జిగారు గడియారం చూసి, భోజన విరామం తర్వాత కొనసాగిద్దాం అన్నారు.

ఆ రోజు నేను డబ్బా తెరవలేదు. నియమావళి ముందేసుకుని కూర్చున్నాను. నర్సింహను పిలిచి, అసలు ఇందులో ఏముందో చూపించమన్నాను. దుకాణంలో వాడే చిన్న భూతద్దం జేబులో ఉంది. ఒక్కో కార్డునూ అంచులు తప్ప మరేదీ తాకకుండా తీసి చూపించాడు. మూలలు, మెరుపు, అచ్చు పడిన తీరు, పాత గమ్ము మరక. సూదిమొన అంత మచ్చ కూడా ఆయనకు తెలుసు. వాటిని చదవడానికి ఎవరూ కొనుక్కోరని అప్పుడు నాకు బోధపడింది. ఇది కాగితమైనా వస్తువే. చెప్పుల జత లాంటిదే. నేను కట్టవలసింది చీటీ.

విరామం తర్వాత ఆ సంగతే జడ్జిగారికి మనవి చేసుకున్నాను. దొంగతనం కేసులో రుజువు చేయాల్సింది కార్డు మీద ఏం రాసి ఉందన్నది కాదు, అది ఎవరిదన్నది. కాబట్టి ఆల్బం మొత్తాన్ని ఒకే ఎం.ఓ.గా తీసుకోవచ్చని చెప్పాను. పీపీగారు గొణిగారు గానీ కాదనలేదు. చీటీని ఆల్బం దారానికి కట్టాను. అరవై మూడు కార్డులు బతికిపోయాయి. ముప్పై ఏడోది మాత్రం పి-3గానే ఉండిపోయింది. స్పిరిటుతో తుడుచుకోవచ్చా అని నర్సింహ మెల్లగా అడిగితే, కోర్టు ముద్ర చెరపడం నేరమని చెప్పాల్సి వచ్చింది. ఆ మాట చెబుతుంటే నా మీద నాకే అసహ్యమేసింది.

కేసులో దొంగకు శిక్ష పడింది. అప్పీలు గడువు పోయాక సొత్తు, పి-3తో సహా, నర్సింహకు పూర్తిగా ఇచ్చేశాం. రెండేళ్లకు నేను సూపరింటెండెంటుగా రిటైరయ్యాను.

ఆ తర్వాత చదువుకునే అద్దాల కోసం దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి, తెలిసే ఆయన దుకాణంలో అడుగుపెట్టాను. నర్సింహ గుర్తుపట్టి కుర్చీ వేశాడు. కోపమేమీ కనబడలేదు. కార్డు సంగతి నేనే ఎత్తాను. "ఆల్బంల దాని జాగ ఖాళీగనే పెట్టిన మేడం. సీలుది విడిగ కవర్ల ఉన్నది. దాన్ని ఆ వరుసల పెట్ట మనసొప్పలే," అన్నాడు. అంటే ఆ మనిషి ఇరవై ఎనిమిదేళ్లు నడిచి చేరిన చోటు నుంచి నేను ఒక్క గుద్దుతో వెనక్కి తోశానన్నమాట. అంతకంటే తిడితే బాగుండేది. అద్దాలు సరిగ్గా కుదిరాయి కానీ ఆ రాత్రి చదవబుద్ధి కాలేదు.

ఆ కార్డు మళ్లీ సంపాదించి ఇవ్వాలని పట్టు పట్టాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టిఫిన్ సెంటరు మేడ మీద నెలకో ఆదివారం కార్డులవాళ్లు కలుస్తారు. చర్చి అయిపోగానే అక్కడికి పోయాను. మూసారాంబాగ్ నుంచి వచ్చే రిటైర్డు రైల్వే గార్డు దగ్గర ముప్పై ఏడో నంబరు రెండున్నాయి. హమ్మయ్య అనుకుని రేటెంతని అడిగితే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఇది అంగడి కాదమ్మా. కార్డుకు కార్డే," అన్నాడు. ఆయనకు కావలసింది ఈ కాలపు ఫుట్‌బాల్ సెట్టులో ఒక గోల్‌కీపరు బొమ్మ, వాళ్ల మాటలో గోలీ, మెరుపు కాగితం మీద వేసింది. అది ఏ పొట్లంలో వస్తుందో ఎవరికీ తెలియదు.

సరే, పొట్లాలు కొనడం మొదలుపెట్టాను. అరవై దాటిన మనిషిని స్టేషనరీ దుకాణం ముందు నిలబడి పొట్లాలు చింపుతుంటే మా ఆయనకు నవ్వాగలేదు. "బైబిలు సంచిల గీ బొమ్మలేందే? పాస్టరుగారు సూస్తే పరేషాన్ అయితడు," అని ఆటపట్టించేవాడు. తర్వాత తర్వాత ఆయనే బజారు నుంచి వస్తూ ఒక పొట్లం పట్టుకొచ్చేవాడు. గోలీ రాలేదు గానీ మిగతావి పోగుపడ్డాయి. వాటిని పారేయలేక తొడుగుల్లో పెట్టాను, తొడుగులకు ఆల్బం కొన్నాను, ఆల్బంలో ఖాళీలు చూసి మార్పిడికి పోయాను. చెప్పొద్దూ, బాగానే ఉండేది. ఒకసారి మేడ మీద అలవాటు కొద్దీ తొడుగు మీద తేదీ రాద్దామని పెన్ను తీస్తే, బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ ఒక్కసారే అరిచారు. నేనూ వాళ్లతో పాటు నవ్వాను.

పద్నాలుగు నెలలకు గోలీ వచ్చాడు. మార్పిడికి వాళ్లకొక పద్ధతుంది. ఇద్దరూ కార్డులు బల్ల మీద పెట్టి, ఒకరిది ఒకరు చూసుకుని, ఇద్దరూ 'అయింది' అన్నాకే చేయి చాపాలి. గార్డు గారు చాలాసేపు చూసి అయింది అన్నారు. నేను చూడకుండానే అన్నాను.

మర్నాడు పొద్దున్నే నర్సింహ దుకాణానికి పోయి కార్డు అద్దాల బల్ల మీద పెట్టాను. ఆయన చేతులు తుడుచుకుని, భూతద్దం పెట్టి నాలుగు మూలలూ చూశాడు. "కింద మూల జర మెత్తవడ్డది," అన్నాడు. నేనూ వంగి ఆ మూల చూశాను. "అయినా మంచిగనే ఉన్నది మేడం. శాన మంచిగున్నది," అని నవ్వాడు. ఆ నవ్వు చూశాక రిటైర్మెంటు రోజు కప్పిన శాలువా కూడా నాకు తక్కువే అనిపించింది. తర్వాత సొరుగులో నుంచి ఒక కవరు తీసి నా ముందుకు జరిపాడు. అందులో పి-3 ఉంది.

"ఇది మీరు ఉంచుకోండ్రి. మీ సీలు నా కాడ ఎందుకు?"

ఎగతాళి కాదు, కోపమూ కాదు. ఎవరిది వాళ్లకు అప్పగిస్తున్నాడు. తీసుకున్నాను.

కొత్తగా చేరిన క్లర్కులు అప్పుడప్పుడు సలహాకు ఇంటికొస్తుంటారు. వాళ్లకు ఆ కార్డు చూపిస్తాను. ముద్ర ఎంత నిటారుగా పడిందో చూసి మెచ్చుకుంటారు. నియమం ప్రకారం కూడా అందులో తప్పు పట్టేవారు లేరు. అయినా అది తప్పే. కోర్టు సొత్తు రిజిస్టరులో సొంతదారు పేరుకు ఒక గడి ఉంటుంది. ముద్ర ఎత్తే ముందు ఆ గడిలో ఉన్న మనిషిని ఒక్క మాట అడగాలి. బోనులో, నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు, నేను అడగలేదు.