భాస్కరం అంకుల్ సగం స్టేషన్

హైటెన్షన్ తీగల కిందుగా కారు వెళ్తుంటే పాతకాలపు ఏఎం రేడియో జుయ్యిమంటుంది. మొన్న మంచు పడుతున్న ఉదయం, మా ఊరు నోవైలో ఆ మోత మళ్ళీ విన్నాను. పక్క సీట్లో మా అమ్మాయి చెవులు మూసుకుంది. నాకు మాత్రం భాస్కరం అంకుల్ గుర్తొచ్చారు.

ఆయన కార్ల సీట్లు డిజైన్ చేసే ఇంజనీరు. అమెరికా వచ్చిన కొత్తలో ఆఫీసుకు వెళ్తూ వస్తూ రేడియోలో బేస్‌బాల్ కామెంటరీ వినీ వినీ ఇక్కడి ఇంగ్లీషును పట్టుకున్నారు. రిటైరయ్యాక, మూతపడబోతున్న ఒక చిన్న ఏఎం స్పోర్ట్స్ రేడియో స్టేషన్‌ను స్నేహితుడు గ్యారీతో కలిసి చెరి సగం కొన్నారు. తెలిసినవాళ్ళంతా నవ్వారు. "ఏఎం ఇంకా ఎవరు వింటారండీ?" అని మా నాన్న అడిగితే, "నేను వింటాను. నాలాంటి వాళ్ళు ఇంకో నలుగురుండరా?" అన్నారు.

నేను జర్నలిజం చదివి, ఆటల కామెంటరీ చెప్పాలని రేడియో స్టేషన్ల చుట్టూ తిరుగుతున్న రోజులవి. చిన్నప్పుడు ఇండియా నుంచి వచ్చినదాన్ని. నా ఉచ్చారణ వినగానే మర్యాదగా పంపించేసేవారు. అంకుల్ నన్ను పిలిచి మా హైస్కూల్ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ ఫైనల్ చెప్పమన్నారు. అదే సాయంత్రం అబ్బాయిల మ్యాచ్ కూడా ఉంది.

"యాడ్స్ ఇచ్చేవాళ్ళు అబ్బాయిల గేమే అడుగుతున్నారు భాస్కర్," అన్నాడు గ్యారీ.

"సీజనంతా వాళ్ళదే వేశాం. స్టేషన్‌లో సగం నాది. ఈరోజు ఆ సగాన్ని మాట్లాడనీ," అన్నారు అంకుల్.

స్కూల్ ఇండోర్ కోర్టు, అదే జిమ్‌లో, మైకు ముందు నేను రాసుకున్న మొదటి వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ చదువుకుంటుంటే ఆయన పక్కనే కూర్చుని, "వినేవాడు డ్రైవ్ చేస్తుంటాడమ్మా. బాల్ ఎక్కడుందో చెప్పు చాలు. నీ యాక్సెంట్ సంగతి వాడికి గుర్తే రాదు," అన్నారు.

బంతి వెంటే పరుగెత్తాను. ఒక్క పాయింటు వెనకబడి ఉండగా, చివరి క్షణంలో మా జట్టు పిల్ల కోర్టు మధ్య నుంచి విసిరిన బంతి బోర్డుకు తగిలి రింగులో పడింది. నా గొంతు బొంగురుపోయింది. స్టేషన్‌కు వచ్చేసరికి ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఇంటి ముందుకొచ్చినా కారు దిగకుండా విన్నామని ఎవరెవరో చెప్పారు. గ్యారీ ఫోన్ పెట్టేసి నావైపు చూసి, "వచ్చే వారం కూడా నువ్వే కదా?" అన్నాడు.

కొన్నేళ్ళకు గ్యారీ ఫ్లోరిడా వెళ్ళిపోదామనుకున్నాడు. అతని సగాన్ని ఒక పెద్ద కంపెనీ అడిగింది. ఆ సగం వాళ్ళ చేతికెళ్తే మా ఊరి ఆటలు పోయి, ఎక్కడో తయారైన ప్రోగ్రాములు వస్తాయి. అంకుల్ గ్యారీతో పోట్లాడలేదు. కొంచెం టైమివ్వమని అడిగి, రేడియోలోనే విషయం చెప్పి, ఊరివాళ్ళందరినీ స్కూల్ జిమ్‌కు పిలిచారు. కోచ్‌లు, పిజ్జా షాపు ఆవిడ, ఆడే పిల్లల తల్లిదండ్రులు, మా అపార్ట్‌మెంట్లలోని తెలుగువాళ్ళు, స్టేషన్ కొన్నారని నవ్విన మా నాన్నతో సహా అందరూ వచ్చారు, గ్యాలరీ నిండిపోయింది.

"దీన్ని నేనొక్కణ్ణి కాపాడలేను. మీరు తలా ఒక చిన్న వాటా తీసుకుంటే స్టేషన్ మనందరిదవుతుంది," అన్నారాయన. అందరికంటే ముందు గ్యారీయే లేచాడు. "అమ్మేది నేనే. అయినా మొదటి చిన్న వాటా నాకు," అన్నాడు. జిమ్మంతా చప్పట్లతో లేచి నిలబడింది. ఆ సాయంత్రానికే అతని సగం ఊరిదైపోయింది. తర్వాత అంకుల్ తన సగాన్నీ అలాగే పంచేశారు.

అంకుల్ కన్నుమూసి రెండేళ్ళు. ఇప్పుడు స్టేషన్‌ను నేను నడుపుతున్నాను. ఎవరి ముందూ గొంతు తగ్గించక్కర్లేదన్న ధీమా నాకు ఆయనిచ్చిందే. కిందటి నెల మరో పెద్ద కంపెనీ మనిషి ఫోన్ చేసి, ఓనర్‌తో మాట్లాడాలన్నాడు.

"అర్జెంటా?" అని అడిగాను. "మా ఓనర్లంతా ఇప్పుడు మ్యాచ్ చూస్తున్నారు."

ఫోన్ పెట్టేసి నేనూ జిమ్‌కు బయల్దేరాను.