మేం తెచ్చిన మందులు, వాళ్ళడిగిన మందులు

మా కాలమ్ విజయవాడ చేరేసరికి వాన ఆగింది. అది శుభవార్త అనుకున్నవాళ్ళు మాలో ఎవరూ లేరు. మైలవరం వైపు గుట్టల్లో కురిసిన నీళ్ళు ఇంకా కిందికి దిగుతున్నాయి. మామూలు రోజుల్లో బుడమేరు వాగు నగరాన్ని ఒరుసుకుంటూ పోయి కొల్లేట్లో కలుస్తుంది. ఆ వారం అది ఎక్కడికీ పోలేదు. కాలనీల్లోకి వచ్చి కూర్చుంది.

కాలమ్ అంటే వరదలకీ భూకంపాలకీ సైన్యం పంపే సహాయ బృందం. అందులో నేను నర్సింగ్ అసిస్టెంటుని. ల్యాబ్ టెక్నాలజీలో డిప్లొమా చేసి సైన్యంలో చేరాను. తర్వాత మోకాలు దెబ్బతిని బయటికొచ్చేశాను. ఇప్పుడు విజయవాడలోనే ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. ఇక్కడివాళ్ళు సరిహద్దు కథలు చెప్పమంటారు. నాకు బాగా గుర్తున్న డ్యూటీ మాత్రం మా ఇంటికి గంటన్నర దూరంలో జరిగింది. మాది కూచిపూడి పక్క పల్లె.

మకాం ఆటోనగర్‌లో ఖాళీగా ఉన్న లారీ షెడ్డు. కింద గ్రీజు నేల, పైన రేకులు. వాన పోయి ఉక్క మొదలైంది. లైఫ్ జాకెట్ కింద చొక్కా ఆరిన రోజు లేదు. ఆర్డర్లు మూడు. తెల్లవారగానే బోట్లు నీళ్ళలో ఉండాలి. చీకటి పడకముందే బయటికి రావాలి. ముందు రోగులు, గర్భిణులు, పసిపిల్లలు. ఆ తర్వాతే మిగతావాళ్ళు.

ఫ్లైఓవర్ వాలు మాకు రేవు. అక్కడి నుంచి కాలనీల్లోకి నీళ్ళు నడుం లోతుతో మొదలై మనిషి నిలువు దాకా ఉన్నాయి. నల్లటి నీళ్ళు, పైన డీజిల్ పొర. కరెంటు తీగలు మా తలలకు తగిలే ఎత్తులో వేలాడుతున్నాయి. రెండో వీధిలోనే ఇంజను ఆగిపోయింది. ప్రొపెల్లర్‌కి ఆరేడు గజాల చీర చుట్టుకుంది. ఆ చీర కోసి తీశాం. అది బిగిసి విరిగిన ప్రొపెల్లర్ పిన్ను బదులు ఆటోనగర్ మెకానిక్ ఒకతను లారీ బోల్టు సానబెట్టి వేశాడు. ఆఖరిదాకా అదే పనిచేసింది.

బోటులో ముగ్గురం. కమాండరు హవల్దారు. ఉత్తర బిహార్‌లో ఏటా వరద చూస్తూ పెరిగినవాడు. ఇంజను కూడా అతనే నడిపేవాడు. రేడియో ఆపరేటరు ఒడిశా కొండప్రాంతం మనిషి. మూడోవాణ్ణి నేను. మా డాక్టరు కేరళ ఆవిడ, కెప్టెన్. ఆవిడ రేవు దగ్గర టెంటులో ఉండేది. మా మధ్య మాటలన్నీ హిందీలోనే. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

మందుల పెట్టె నా బాధ్యత. అందులో ఉన్నవి: ఓఆర్ఎస్ పొట్లాలు, క్లోరిన్ బిళ్ళలు, విరేచనాల మందులు, జ్వరం మాత్రలు, పాముకాటు ఇంజెక్షన్లు, కాళ్ళు పాచిపోతే రాసే ఆయింట్‌మెంటు, సెలైన్, కట్లు. అంతకుముందు ఏడాది ఇదే పెట్టె బిహార్ వరదల్లో తిరిగింది. అక్కడ అందులో ఒక్కటి మిగల్లేదు. అందుకే అదే పెట్టెను అదే వరసలో సర్దుకుని వచ్చాం.

మొదటి డాబా కింద బోటు ఆపి, ఎవరికైనా విరేచనాలు, జ్వరం ఉన్నాయా అని అడిగాను.

"విరేచనాల్లేవు గాని బాబూ, బీపీ బిళ్ళలున్నాయా?" పైనుంచి ఒక పెద్దాయన అడిగాడు.

"మా ఆవిడకి థైరాయిడ్‌దండీ. వంద ఎంజీ."

"మా నాన్నగారి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉందండీ. కరెంటు పోయి మూడ్రోజులు. అది పనికొస్తుందా, రాదా?"

హవల్దారు నా మొహం చూశాడు. "ఏమంటున్నారు?"

"షుగరు, బీపీ, థైరాయిడ్."

"పాములు?"

"ఒక్కరూ అడగలేదు."

"ఇదేం వరద," అన్నాడు హవల్దారు.

మధ్యాహ్నానికి ఇంకో తేడా కూడా అతనే కనిపెట్టాడు. బిహార్‌లో ఇదే బోటులో పద్నాలుగు మందిని ఎక్కించినా తేలుతూనే ఉండేదట. ఇక్కడ తొమ్మిది మందికే అంచు నీళ్ళకు తగులుతోంది. "మీ వాళ్ళు ఏం తింటార్రా?" అని నన్నడిగాడు.

"అన్నం."

"మేమూ అన్నం తింటాం."

"మూడు పూటలా తింటాం. మధ్యలో టిఫిన్లు."

రేడియో ఆపరేటరు నవ్వాడు. షుగరు జబ్బు పేరు అతను సైన్యంలోకి వచ్చాకే విన్నాడట. "మా కొండల్లో మలేరియా, రక్తం తక్కువ. మా హవల్దార్ సాబ్ ఊళ్ళో పిల్లలకి విరేచనాలు పట్టుకుంటాయి. మీ దగ్గర అవేవీ ఉండవా?"

"ఉండేవి. మా తాత కలరాకి భయపడ్డాడు. మా నాన్న లడ్డూకి భయపడతాడు."

సరదాకే అన్నాను గాని, లెక్కగా చూస్తే డెల్టాలో జరిగింది అదే. కాలవ నీళ్ళొచ్చి బియ్యానికి కొదవ లేకుండా పోయింది. తర్వాత నాట్లూ కోతలూ యంత్రాల చేతికి పోయాయి. మనుషులు కొట్లలోకి, ఆఫీసుల్లోకి, మోటారు సైకిళ్ళ మీదికి మారారు. కంచంలో అన్నం మాత్రం పొలం పనినాటి కొలతలోనే ఉండిపోయింది.

రెండో రోజుకి జనమే ఒక పద్ధతి కనిపెట్టారు. మందుల పేర్లు అరిచి చెబితే మాకు సగం వినపడేవి కావు. అందుకని ఖాళీ అయిన మాత్రల రేకులు పిట్టగోడల మీంచి చాపి చూపించేవాళ్ళు. బోటు వీధిలోకి తిరగ్గానే రెండు వైపులా డాబాల మీద ఆ రేకులు ఎండకి తళతళలాడేవి. నేను పేర్లు చదివి రేడియోలో చెప్పేవాణ్ణి. డాక్టరు మేడం నీళ్ళు రాని వైపు మందుల షాపుల నుంచి తెప్పించేది. ఆ సాయంత్రం పెట్టె తిరగేసి సర్దాం. పాముకాటు ఇంజెక్షన్లు నాలుగు ఉంచి మిగతావి దించాం. ఆ చోట్లో షుగరు, బీపీ మాత్రలు పెట్టాం. ఇన్సులిన్‌కి ఐసు డబ్బా దొరికింది. రక్తంలో చక్కెర చూసే మీటర్లు మాత్రం రెండే ఉన్నాయి. వాటిని డాక్టరు టెంటులోనే ఉంచుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం ఒక ఇంటి మొదటి అంతస్తు బాల్కనీ నుంచి ఒకావిడ తువ్వాలు ఊపింది. "మావయ్యగారు లేవట్లేదండీ. పిలిస్తే పలకట్లేదు."

సన్‌షేడ్‌కి నిచ్చెన వేసి ఎక్కాను. లోపల చాప మీద ఆ ఇంటి పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. పక్కన ఆయన భార్య విసనకర్రతో విసురుతోంది. తువ్వాలు ఊపినావిడ వాళ్ళ కోడలు. కొడుకు సరుకు కొనడానికి వేరే ఊరెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. పెడన చేనేతవాళ్ళు, విజయవాడ వచ్చి బట్టల కొట్టు పెట్టుకున్నారు.

ఆయన చొక్కా చెమటతో ముద్దయి ఉంది. ఒళ్ళు చల్లగా ఉంది. నాడి వేగంగా కొట్టుకుంటోంది. గట్టిగా గిల్లితే మూలిగి చెయ్యి లాక్కున్నాడు. కళ్ళు తెరవలేదు.

"షుగరుందా అమ్మా?"

"పన్నెండేళ్ళ నుంచీ ఉంది బాబూ."

"మాత్రలు వేస్తున్నారా?"

"వెయ్యకుండా ఎట్టా? పొద్దున్నొకటి, సాయంత్రమొకటి. ఇంత వరదొచ్చినా ఒక్క పూట తప్పనివ్వలా."

"ఏం తిన్నారు?"

"ఏముంది తినడానికి? బన్నులు పంచారు, తీపి బన్నులు. ముట్టనివ్వలా. అరటిపళ్ళొచ్చాయి, అవీ వద్దన్నా. తినకపోతే షుగరు పెరగదు గదా, అదొకటి మేలే అనుకున్నాం."

ఆమె ఆ మాట అప్పజెప్పినట్టు, తన వంతు పని తాను సరిగ్గా చేసినట్టు చెప్పింది. నాకు విషయం అర్థమైంది. మాత్ర చక్కెరను దించుతూనే ఉంది. పైనుంచి కడుపులోకి ఏమీ పడలేదు.

"అమ్మా, ఈయనకి చక్కెర బాగా పడిపోయింది. వెంటనే తీపి పెట్టాలి."

విసనకర్ర ఆగింది. "ఎవరికి? ఈయనకా?"

"అవునమ్మా."

"నీకు తెలియలేదేమో నాయనా. ఈయనకి షుగరు."

"తెలుసమ్మా. ఇప్పుడు మాత్రం తక్కువైంది."

"పన్నెండేళ్ళ నుంచి కాఫీలో పంచదార వెయ్యలా నేను. ఇంట్లో పంచదార డబ్బానే లేదు. మా చెల్లెలి కూతురి పెళ్ళిలో నలుగురి ముందూ విస్తట్లోంచి లడ్డూ తీసేశా. ఇట్టా పడున్న మనిషి నోట్లో తీపి పెడతానంటావా?" అని జరిగి ఆయన తలకీ నాకూ మధ్య కూర్చుంది.

నేను వెంట తెచ్చుకున్న రేడియో అందుకున్నాను. "కంట్రోల్, బోటు మూడు. డాక్టర్ మేడంకి ఇవ్వండి."

ఆవిడ లైన్లోకి వచ్చింది. లక్షణాలు చెప్పాను.

"మీటరు లేదు కదా నీ దగ్గర?"

"లేదు మేడం. ఎక్కువో తక్కువో ఖాయంగా చెప్పలేను."

"చెమట ఉంది, మాత్ర వేశారు, తిండి లేదు. తీపి పెట్టు. ఒకవేళ ఎక్కువే ఉంటే ఇంకొంచెం పెరుగుతుంది, ఇక్కడికి తెచ్చాక నేను చూసుకుంటాను. తక్కువ ఉండి నువ్వు పెట్టకపోతే, చూసుకోవడానికి నాకు మనిషి ఉండడు. పక్కకి తిప్పి పడుకోబెట్టు. మింగేదాకా నీళ్ళు పొయ్యకు."

ఆ మాటల్ని ఉన్నదున్నట్టు తెలుగులో పెద్దావిడకు చెప్పాను. కోడలు అత్తగారి భుజం మీద చెయ్యేసింది. "పెట్టనివ్వండి అత్తయ్యా. మీ అబ్బాయొచ్చి అడిగితే నేను చెప్పుకుంటాను."

హవల్దారు అప్పటికే నిచ్చెన మీదున్నాడు. సంగతి విని జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. బెల్లం. వాళ్ళ జిల్లాలో బెల్లం ముక్క లేకుండా పడవెక్కరట. చెంచాడు నీళ్ళలో చిదిపి చిక్కటి పాకంలా చేశాను. పెద్దాయన్ని పక్కకి తిప్పాను.

ఆమె చెయ్యి చాపింది. "ఇటివ్వు. ఇన్నేళ్ళూ వద్దన్నదాన్ని నేనే. ఏదన్నా అయితే నా చేతిమీదే కానీ."

వేలితో ఎక్కడ రాయాలో చూపించాను. ఆమె ఆయన చెంప లోపల, చిగుళ్ళకి రాసింది. మళ్ళీ తీసుకుని రాసింది. కొంతసేపు ఏమీ కాలేదు. "ఏం కాలా," అంది నా వైపు చూడకుండా. నాడి మీంచి నేను వేళ్ళు తియ్యలేదు. ఆగకుండా రాయమన్నాను.

ముందు ఆయన నాలుక కదిలింది. పెదవి మీదికి వచ్చి తీపి కోసం వెతికింది. తర్వాత గుటక పడింది. అప్పుడు చెంచాతో కొద్దికొద్దిగా పొయ్యమన్నాను. పావుగంట గడిచాక కళ్ళు తెరిచి పైన ఫ్యాను వైపు చూశాడు.

"కరెంటొచ్చిందా?"

"రాలా," అంది ఆమె.

"నోరు తియ్యగా ఉందేంటే?"

"మిలిటరీ వాళ్ళు పెట్టమన్నారు."

ఆయన మెల్లగా తల తిప్పి నా యూనిఫాం చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగి, "ఇంకో ముక్కుందేమో అడగవే. మళ్ళీ నువ్వు పెట్టవు," అన్నాడు.

కోడలు ఏడుస్తూనే నవ్వింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. చాప మీద వాలిపోయి రెండు చేతులూ మొహం మీద పెట్టుకుంది. నేను రేడియోలో, "పేషెంట్ మాట్లాడుతున్నాడు," అన్నాను. మేడం అవతల నుంచి, "బన్ను తినిపించి తీసుకురా. ఆ మాత్ర ప్రభావం ఇంకా పోదు, మళ్ళీ పడిపోవచ్చు," అంది.

కుర్చీకి తాళ్ళు కట్టి ఆయన్ని దించాం. బోటులో ఆమె బన్ను తుంచి ఒక్కో ముక్క నోట్లో పెడుతూ మాకు చెప్పింది. "పెడనలో మగ్గం నేసేటప్పుడు మూడు పూటలా అన్నమే తిన్నారు బాబూ. పొద్దస్తమానం తొక్కీ తొక్కీ కాళ్ళు ఇనుప కడ్డీల్లా ఉండేవి. ఏ జబ్బూ లేదు. కొట్టు పెట్టాక గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు. తినేది మారలా, తొక్కేది పోయింది."

రేవు దగ్గర డాక్టరు మీటరు పెట్టి చూసింది. బన్నూ బెల్లం పడ్డాక కూడా అంకె ఉండాల్సిన కనీసానికి కాస్త పైన మాత్రమే ఉంది. ఆసుపత్రికి పంపింది. ఆ సాయంత్రం పని దిగాక నేను షెడ్డులో బూట్లు కూడా విప్పకుండా కూర్చుండిపోయాను. హవల్దారు టీ తెచ్చిచ్చాడు. "చక్కెర వెయ్యమంటావా?" అని అడిగాడు. ముగ్గురం చాలాసేపు నవ్వాం.

నగరంలో నీళ్ళు తీస్తుండగా మమ్మల్ని ఎగువకు, మైలవరం వైపు పంపారు. వాగు పక్కన కూలీల పేట. పాత పెట్టె మళ్ళీ సర్దాం. అక్కడ ఓఆర్ఎస్ మొదటి రోజే సగం అయిపోయింది. పిల్లల చేతులు సన్నగా ఉన్నాయి. ఆడవాళ్ళ కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. హవల్దారు చుట్టూ చూసి, "ఇది మా ఊరిలాగే ఉంది," అన్నాడు. లారీ మీద గంట ప్రయాణం. అదే వాగు, అదే వరద. అక్కడ తిండి చాలని జబ్బులు, ఇక్కడ తిండి ఎక్కువైన జబ్బులు. తిరిగొచ్చేటప్పుడు ఆ పేటలో ఒక ముసలమ్మ బీపీ బిళ్ళ ఉందా అని అడిగింది. ఉంది. ఇచ్చాను. ఆ తర్వాత నుంచి మా కాలమ్‌లో రెండు పెట్టెలు ఉంచుతున్నారు. మీటరు ఇప్పుడు ప్రతి బోటుకీ ఒకటి.

వెనక్కి వెళ్ళే రోజు లారీలు స్టేషనుకి ఆ వీధి మీంచే పోయాయి. నీళ్ళు పోయి, గోడల మీద మనిషెత్తున బురద చార మిగిలింది. తలుపులూ పరుపులూ ఎండలో ఆరుతున్నాయి. ఆ ఇంటి బాల్కనీలో పెద్దాయన పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. భార్య పక్కన నిలబడి కొలిచినట్టు గరిటెడు వడ్డిస్తోంది. లారీ హారను విని ఆయన తలెత్తాడు, మమ్మల్ని గుర్తుపట్టి ఎడం చెయ్యి ఊపాడు. ఆమె టక్కున ఆ చెయ్యి పట్టి కిందికి లాగింది. అప్పుడాయన కుడి చెయ్యి పైకెత్తాడు. పప్పూ మెతుకులూ అంటుకుని ఉన్న ఆ చెయ్యిని, మా లారీ మలుపు తిరిగేదాకా దించలేదు.