పదహారు నిమ్మకాయలు

ఇవాళ పొద్దున ఎదురింటి కోడలు మంచి మనసుతోనే వచ్చింది. దసరా కదా, వాళ్ల ఇంటి ముందున్న రెండు మోటర్‌సైకిళ్లూ కడిగి, చేతిలో పైపు అట్లాగే పట్టుకుని రోడ్డు దాటి, "అవ్వా, నీ కారు గూడ కడుగుత, బొట్లు పెడుదువు గని" అంటూ నీళ్లు వదిలింది. వరండాలోంచి నేను అరిచిన అరుపుకు ఆ పిల్ల చేతిలో పైపు జారి పడిపోయింది. "పండుగ పూట గంత గట్టిగ ఒర్లుతరా అవ్వా" అని గొణుక్కుంటూ వెళ్లింది. తలుపుల కింది అంచుల్లోకి దిగిన నీళ్లను పాత గుడ్డతో ఒత్తి ఒత్తి తుడవడానికి నాకు ఇరవై రెండు నిమిషాలు పట్టింది. సాయంత్రం ఆ పిల్లకు జమ్మి ఆకు పెట్టి, ఎందుకు అరిచానో చెప్పాలి. చెప్పేది చాలా ఉంది కాబట్టి ముందు ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆ కారుకు రెండే సీట్లు. కప్పు గుడ్డది, బండి నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది, రంగు ఎరుపు. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి వెళ్లిపోతున్న ఇంజినీరు ఒకాయన దగ్గర కొన్నాను, గాజులు చేయించుకొమ్మని మా అమ్మ ఇచ్చిన డబ్బుతో. అమ్మ మూడు నెలలు నాతో మాట్లాడలేదు. నాలుగో నెలలో తనే వచ్చి పక్క సీట్లో కూర్చుని పిట్లం తీసుకుపొమ్మంది. బాన్సువాడలో అప్పటికి కారు నడిపే ఆడది నేనొక్కదాన్నే. బడి ముందు ఆపితే పిల్లలు చుట్టూ మూగేవాళ్లు, హెడ్‌మాస్టరు మాత్రం కిటికీ మూసుకునేవాడు. మా ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని, రెండు చేతులతో తలుపు పట్టుకుని కూర్చునేవాడు. "నువ్వు లెక్కల టీచరువు. స్పీడు గూడ లెక్కనే గద, జర తక్కువ ఎయ్యి" అనేవాడు. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగాం, ఇంజిన్ ఆయిలు ఎప్పుడు మార్చాం, ఏ టైరు ఎక్కడ పంక్చరైంది, అన్నీ నా నోటుబుక్కులో ఉన్నాయి. ఆయన పోయిన రోజున కారు లెక్కకు చివరి గీత గీశాను. తర్వాత నాకు ఆదిలాబాద్ వైపు బదిలీ అయింది.

కారును నా తమ్ముడికి అప్పగించాను. వాడిది వర్ని దగ్గర ఎరువుల దుకాణం. వెనక పెద్ద గోదాం ఉంది, తలుపుంది, తాళముంది. అంతకంటే మంచి చోటు లేదనుకున్నాను. ఒక తెల్లకాగితం మీద నాలుగు మాటలు రాసిచ్చాను: బండిని ఇటుకల మీద ఎత్తి పెట్టాలి, నెలకోసారి ఇంజిన్ తిప్పాలి, గాలి ఆడాలి, నీళ్లు తగలకూడదు. వాడు ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని తీసుకున్నాడు. తర్వాత చూస్తే దానికి పసుపూ కుంకుమా పెట్టి, దుకాణంలో లక్ష్మీదేవి పటం వెనక దోపి ఉంచాడు. పూజ జరిగింది తప్ప చదవడం జరగలేదు. పొటాష్ బస్తాల పక్కన, యూరియా బస్తాల నడుమ, మట్టినేల మీద కారును నిలబెట్టి, పైన టార్పాలిన్ కప్పాడు. ఎరువు గాలిలోని తడిని పీల్చి పక్కనున్న ఇనుముకు పట్టిస్తుంది. ఎరువులమ్మేవాడికి ఆ సంగతి తెలియదా? వాడి తూకపు కాంటా రెండేళ్లకోసారి తుప్పు పట్టి మారుతూనే ఉంది. పైగా ప్రతి దసరాకూ కారును బయటికి నెట్టించి, బోరు పైపు పెట్టి లోపలా బయటా కడిగించి, దండ వేసి, ఆ తడి బండిని మళ్లీ బస్తాల మధ్యకు తోయించేవాడు. ఏడాదికి ఒక్క రోజు ప్రేమ, మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ దాని ఫలితం.

నేను పదకొండేళ్లు ఆదిలాబాద్ వైపు ఉద్యోగం చేశాను, ఆరేళ్లు అక్కడే ఒక ప్రైవేటు బడిలో చెప్పాను. పదిహేడేళ్లు. మధ్యలో వచ్చినప్పుడు బస్తాల సందులోంచి బండి ముందు భాగం ఒక్కటే కనబడేది, అది మెరుస్తూనే ఉండేది. ఇంటికి తిరిగి వచ్చేశాక, ఒకరోజు తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, బిడ్డ పెండ్లికి నీ కారు తయారు జేయించిన. పెండ్లికూతురు లెక్క మెరుస్తుంది. బరాత్ అండ్లనే" అన్నాడు. పెళ్లి ఇంకా తొమ్మిది రోజులుంది.

వెళ్లాను. వాకిట్లో చుట్టాల మధ్య కారు నిజంగానే అద్దంలా ఉంది. వాళ్ల ఫోన్లలో అప్పటికే దాని ఫోటోలు తిరుగుతున్నాయి. నేను సంచిలోంచి బడి లాబ్‌లో వాడిన అయస్కాంతం తీశాను. ఇనుము ఉన్నచోట అంటుకుంటుంది, లప్పం నింపినచోట జారిపోతుంది. ఎనిమిదో తరగతి పాఠం. ముందు చక్రం దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరిగాను. జారిన చోటల్లా చాక్‌పీసుతో సున్నా చుట్టాను. నలభై ఒక్క సున్నాలు. తర్వాత సీటు కింది చాప ఎత్తి, పైన పూసిన నల్ల తారులోకి స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది. లాగి చూస్తే ఆ కంతలోంచి వాకిట్లోని ముగ్గు కనబడింది.

"అక్కా, మంది ముంగట నా ఇజ్జత్ తీస్తున్నవ్" అన్నాడు తమ్ముడు.

"నీ ఇజ్జత్ అంత లప్పమే ఉన్నదిరా, నేనేం తియ్యాలె?"

"ట్రాక్టరు ఎనక కట్టి ఒక్క గంట తిప్పితె సాలు. గంటల ఏమైతది?"

"గంటల సీటు ఊడుతది. నీ బిడ్డ పట్టుచీరతోని రోడ్డు మీద కూసుంటది."

"శుభమాని పెండ్లి పెట్టుకుంటె గా మాటలేంది వదినే" అని మా మరదలు ఏడ్చింది. నేను తగ్గలేదు. ట్రాక్టరు ట్రాలీ పిలిపించి, దండతో సహా కారును ఎక్కించుకుని బాన్సువాడ వచ్చేశాను. పెళ్లికి వేరే కారు కిరాయికి తెచ్చుకున్నారు. నేను పెళ్లికి వెళ్లి, అక్షింతలు వేసి, భోజనం చేయకుండా వచ్చాను. ఆ తర్వాత ఐదు నెలలు వాడు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

పిట్లం రోడ్డులో ఒక ముసలి మిస్త్రీ ఉన్నాడు. కళ్లజోడు కాడ విరిగితే దారం కట్టుకున్న మనిషి. చిన్న సుత్తితో బండి చుట్టూ తట్టుకుంటూ వచ్చి, "టీచరమ్మా, గిది కారు కాదు, జల్లెడ. పూరా జంగు పట్టింది" అన్నాడు.

"అతుకు."

"అతుకుడు తర్వాత. ముందుగాల కోసుడు. ఎంత కోస్తనో సూస్తె మీరు ఏడుస్తరు."

"నేను ఏడ్వను. రాసుకుంటాను."

నిజంగానే రాసుకున్నాను. కింది రేకు మొత్తం కోశాడు, రెండు తలుపుల కింది గుల్ల దూలాలూ కోశాడు, వెనక డిక్కీ అడుగు సగం కోశాడు. కోసిన ముక్కలు గోనెసంచిలో పోస్తే బిస్కెట్లలా విరిగాయి. పాత క్యాలెండర్ అట్టలు కత్తిరించి నేను కొలతలు తీసి ఇచ్చాను, మిస్త్రీ వాటి ప్రకారం కొత్త రేకు వంచి వెల్డింగ్ చేశాడు. మొదట నవ్వాడు. మూడో అట్ట వెంట్రుక తేడా లేకుండా సరిపోయేసరికి నవ్వు ఆపి, కుర్చీ తెప్పించి వేయించాడు. ప్రతి ముక్క ఊడినప్పుడూ తమ్ముణ్ని తిట్టాను. పైకే తిట్టాను. "మీ తమ్మునికి ఎక్కిళ్లు వస్తుండొచ్చు, జర నీళ్లు తాగనియ్యుండ్రి" అనేవాడు మిస్త్రీ.

ఎడమవైపు గుల్ల దూలం కోసిన రోజు మంగళవారం. లోపల ఏదో దొర్లింది. మిస్త్రీ చెయ్యి పెట్టి తీస్తే నల్లగా, గట్టిగా ఎండిపోయిన గోలీకాయలంత ఉండలు. వాసన చూసి, "నిమ్మకాయలు, అమ్మా" అన్నాడు. ఒకటి తర్వాత ఒకటి పదహారు వచ్చాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఎరువూ నీళ్లూ చాలవని నిమ్మపులుసు కూడా పోశాడా! స్టీలు డబ్బాలో పోసుకుని, వర్ని బస్సెక్కి, నేరుగా దుకాణానికి వెళ్లి వాడి బల్ల మీద కుమ్మరించాను.

"ఇవేందిరా?"

ఐదు నెలల తర్వాత వాడితో అదే మొదటి మాట. వాడు ఒక కాయను వేళ్లతో తిప్పి చూశాడు. "దసరకు దసరకు సీటు కింద ఒకటి పెడుదునక్కా, దిష్టి తగలొద్దని. మల్ల ఏడు సూస్తె ఉండకపోతుండె. అమ్మవారు తీస్కున్నదనుకున్న."

"అమ్మవారు కాదు, నువ్వు పెట్టిన చిలుము తీస్కున్నది. కంతల పడి లోపల కూసున్నయి." వాడు తల దించుకున్నాడు. అక్కడితో ఆపవలసింది. నేను ఆపలేదు. "నేను పోయి పదిహేడు దసరాలు. పదహారే ఉన్నయి. ఒకటి ఏది?"

ఎడమచేతిని బల్ల కిందికి తీసుకున్నాడు. అది ఇప్పటికీ సరిగ్గా ముడుచుకోదు. "గా ఏడు నేను నిజామాబాద్ దవాఖానల ఉంటి గదక్కా. పక్షవాతం వచ్చి."

ఇంటికి వచ్చి ఆ ఏటి నోటుబుక్కు తీశాను. నా చేతిరాతే. 'దసరా. త్రైమాసిక పేపర్లు మూడు సెక్షన్లు దిద్దడం పూర్తి. తమ్ముడికి ఫోన్. ఫరవాలేదట.' పేజీ పైన సెలవుల లెక్క ఉంది. పదమూడు రోజులు. ఆ పదమూడింటిలో ఒక రోజు గోడలకు సున్నం వేయించాను, ఒక రోజు మంచం అల్లించాను. నిజామాబాద్ బస్సు ఎక్కిన రోజు లేదు. మరుసటి నెలలో కూడా లేదు. వాడు దాన్ని ఏనాడూ ఎత్తి చూపలేదు. ఆ రోజు కూడా నేను అడిగాను కాబట్టి చెప్పాడు.

తర్వాతి వారం వాడే వచ్చాడు. అప్పటికి మిస్త్రీ ఇంజిన్ పని పట్టాడు. లోపలి పిస్టన్లు నాలుగూ బిగుసుకుపోయి ఉన్నాయి. పైనున్న నాలుగు రంధ్రాల్లో డీజిలూ ఆయిలూ కలిపి పోసి, రోజూ పొద్దున పెద్ద పానా వేసి కొద్దిగా ఒత్తేవాడు. బలం చేస్తే విరుగుతుంది కాబట్టి ఓపికగా ఒత్తేవాడు. కదిలితే తెలియాలని ఇంజిన్ ముందున్న బెల్టు చక్రం మీద చాక్‌పీసు గీత గీసిపెట్టాను. తమ్ముడు స్టూలు వేసుకుని కూర్చుని రోజూ, "కదిలింది" అనేవాడు. "గీత కదలలేదు, నోర్మూసుకో" అనేదాన్ని. పంతొమ్మిదో పొద్దున గీత వేలెడు జరిగింది. ఆ రోజు మాత్రం వాడు గీతను కాదు, నా ముఖం చూశాడు. తర్వాత ఇంజిన్ పూర్తిగా విప్పడం, హైదరాబాద్‌లో సిలిండర్లు సాపు చేయించడం, కొత్త పిస్టన్లు వేయడం జరిగింది. మొత్తం పద్నాలుగు నెలల పదకొండు రోజులకు ఇంజిన్ మోగింది. కాలువ గట్టు దాకా నేనే నడిపాను. పక్క సీట్లో తమ్ముడు తలకు తువ్వాలు చుట్టుకుని, మంచి చేత్తో తలుపు పట్టుకుని కూర్చున్నాడు.

నా కోపం పోయిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఇవాళ కూడా, నేను తలుపులు తుడుస్తుండగానే వాడి ఫోన్ వచ్చింది.

"కడిగినవా అక్కా?"

"కడగను. ఎన్నిసార్లు చెప్పాలెరా నీకు?"

"బొట్టన్న పెట్టినవా?"

"పెట్టిన."

"మరి నిమ్మకాయ?"

పెట్టాను. సీటు కింద కాదు, పైన, పళ్లెంలో. రేపు పొద్దున లెక్కగా తీసేస్తాను. వాడు పెట్టిన పదహారు ఇంకా ఆ స్టీలు డబ్బాలోనే ఉన్నాయి. ఇవాళ్టి కాయను వాటిలో వేస్తే పదిహేడు అవుతాయి, కానీ లెక్క సరిపోదు. తుప్పు తిన్న పదిహేడేళ్లనూ మిస్త్రీ కోసి తీసి కొత్త రేకు వేయగలిగాడు. నేను వెళ్లని ఆ పదమూడు రోజులకు మాత్రం, ఎంత కొలిచినా, అట్ట కత్తిరించడం నాకు చేతకాలేదు.